కురాబీ బంకు వెనక ఇల్లుబండి

ఆస్ట్రేలియా ఎడారి దారిలో, కురాబీ పెట్రోలు బంకు వెనక, ఎర్రమట్టిలో నిలబెట్టిన ఆ తెల్ల ఇల్లుబండి దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లేవారు కాదు. రాత్రంతా ఎడారిలో ఒంటరిగా తోలే లారీ డ్రైవర్లు కూడా కునుకు తియ్యాలంటే బంకు ముందే ఆపుకునేవారు.

లోపల పడుకున్నవాళ్లకి ఓ ఆడమనిషి కనబడుతుందని చెప్పుకునేవారు. మాటా మంతీ ఉండదు... మంచం పక్కన వంగి నిలబడుతుంది. ఆ తర్వాత గుండెల మీద బరువు! కొందామని వచ్చి, ఒక రాత్రి పడుకుని చూస్తామన్న ఇద్దరూ అర్ధరాత్రే చెప్పులొదిలేసి పరుగు లంకించుకున్నారట.

ఇదంతా గ్లెనిస్‌కి తెలుసు. తెలిసే వచ్చింది.

పోర్ట్ పిరీలో ఏళ్లతరబడి ఉన్న అద్దె ఇంటిని ఓనరు అమ్మేశాడు. వేరే ఇంటికోసం తిరిగితే ఎక్కడ చూసినా బారులు తీరిన జనం. గొర్రెల ఉన్ని కత్తిరించి కత్తిరించి నడుం పోగొట్టుకున్న మొగుడు మెర్వ్‌నీ, అరవై దాటిన తననీ చూసి తాళం చేతికిచ్చే నాథుడే లేడు. ఇక చక్రాల మీదే బతుకుదామనుకున్నారు.

తీరా చూస్తే ప్రతి పాత బండీ కుళ్లుదే. ఒకదాని గోడని బొటనవేలితో నొక్కితే తడిసిన రొట్టెలా లోపలికి పోయింది. ఇంకోదాని అడుగు సముద్రపు గాలికి జల్లెడైపోయింది. వారం తిరిగేసరికి ఇల్లు ఖాళీ చెయ్యాలి.

ఇది మాత్రం గోడలు గట్టిగా, కప్పు పొడిగా ఉంది. ఇంజను తాళం తిప్పగానే అందుకుంది. ధరా వాళ్లకి అందేదే.

“నిజం చెప్పు లైల్. ఎందుకింత చవక?” అనడిగింది గ్లెనిస్.

బంకు యజమాని లైల్ నేలచూపులు చూశాడు. “మీరు విన్నదే అమ్మా. నాకైతే ఏమీ కనబడలేదు. అసలు... నేనందులో పడుకోను.”

“దెయ్యమైతే ఏం? ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసివ్వదుగా!” అన్నాడు మెర్వ్.

ముగ్గురూ నవ్వారు. గ్లెనిస్ నవ్వే ముందు ఆగింది.

ఆ రాత్రికి అందులోనే పడుకుని చూద్దామనుకున్నారు. అక్కడ జూలై అంటే నడి చలికాలం, చలి ఎముకలు కొరుకుతోంది. తలుపూ కిటికీలూ బిగించి, గ్యాసు హీటరు వెలిగించుకుని పడుకున్నారు. మెర్వ్ గురక మొదలైంది. దూరంగా ఓ లారీ వెళ్లిపోయింది... ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

ఎప్పుడు మెలకువొచ్చిందో — గ్లెనిస్‌కి తల దిమ్ముగా ఉంది. చెవుల్లో హోరు. ఎవరో నడుస్తున్నారు... వంటగట్టు దగ్గర్నించి... మంచం వైపు...

కళ్లు తిప్పింది.

ఉంది!

పొట్టి ఆడమనిషి. మంచం పక్కనే వంగి ఉంది. మొహం తెలియడం లేదు.

గుండెల మీద రాయి పెట్టినట్టయింది. ఆ ఇద్దరూ పారిపోయారు... తనూ పారిపోవచ్చు. కానీ వాళ్లకి వెనక్కి పోవడానికి ఇళ్లున్నాయి!

“నేను పోను...” గొణిగింది గ్లెనిస్. “వింటున్నావా? నాకు పోవడానికి చోటు లేదు. చంపుతావా, చంపు. నువ్వా మూల ఉండు... మేమీ మూల పడుంటాం...”

ఆ ఆడమనిషి తల అడ్డంగా ఊపింది. మెల్లగా... మెర్వ్ వైపు తిరిగింది. అతని మొహం మీదికి వంగింది.

గురక వినబడడం లేదు.

“ఆయన్నొదులు... వదులు!”

ఎక్కడలేని ఓపిక తెచ్చుకుని లేచింది. “మెర్వ్! లే!” మెర్వ్ చెయ్యి తడిగుడ్డలా జారిపోయింది. కాళ్లు తేలిపోతుంటే గోడ పట్టుకుని వెళ్లి తలుపు తోసింది. చల్లగాలి మొహాన కొట్టింది. మళ్లీ లోపలికి రావడమే ప్రాణం మీదికొచ్చింది — ఆవిడ ఇంకా అక్కడే ఉంది మరి! గ్లెనిస్ కళ్లు మూసుకుని, మెర్వ్ చంకల కింద చేతులు దూర్చి లాగింది.

కాడెద్దులాంటి మనిషి. పగలు లేపి కూర్చోబెట్టాలంటేనే ఆమెకి ఆయాసం. అలాంటివాణ్ణి ఎలా లాక్కొచ్చిందో, మెట్లు ఎలా దించిందో, ఇద్దరూ ఎర్రమట్టిలో పడ్డారు.

“చావకు... నన్నొక్కదాన్నీ రోడ్డున వదిలేసి చావకు!” చెంపలు వాయించింది. పలుకు లేదు. మళ్లీ వాయించింది. ఆ అరుపులకి బంకులోంచి లైల్ పరుగెత్తుకొచ్చేసరికి, మెర్వ్ దగ్గి, భళ్లున కక్కుకుని, “ఇంక... కొట్టకే తల్లీ...” అన్నాడు.

అంబులెన్సు అంత దూరం నుంచి రావాలంటే తెల్లారాల్సిందే. ఈలోగా లైల్ టార్చి తీసుకుని బండెక్కి, హీటరు ఆపి, దాని చుట్టూ వెలుగు వేసి చూశాడు.

“దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. రండి, చూపిస్తా.”

హీటరు మూత విప్పాడు. లోపలంతా మసి. పొగ బయటికి పోవాల్సిన గొట్టం నిలువునా చిట్లి ఉంది.

“ఇదీ సంగతి...” లైల్ గొంతు తగ్గింది. “వాసన లేని విషగాలమ్మా. లోపలికే కొట్టింది. తల తిరుగుతుంది, గుండె బరువెక్కుతుంది, లేనివన్నీ కనబడతాయి. ఆ ఇద్దరూ భయపడి పారిపోబట్టి బతికారు.”

గ్లెనిస్‌కి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. గొట్టమేగా! అంతేగా! “బండి మాదే లైల్. ఆ కొంపముంచే హీటరు మాత్రం పీకి పారెయ్!”

లైల్ మసి చేతులతోనే మంచం అంచున కూలబడ్డాడు.

“మా అమ్మ ఉండేది దీన్లో,” అన్నాడు. “ఈ మంచం మీదే... చలికాలం. నిద్రలో పోయింది. గుండె ఆగిందన్నారు. మేమూ అదే అనుకున్నాం.”

గ్లెనిస్ ఆ మంచం వైపు చూసింది. బయట, మెట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న మెర్వ్ బొంగురుగా పిలిచాడు.

“గ్లెన్... ఇందాక నన్ను లాగుతున్నప్పుడు కాస్త తెలివుంది నాకు. నీ చేతులు నా చంకల కింద ఉన్నాయి. తెలుస్తూనే ఉంది.”

“ఊఁ.”

“మరి... నా కాళ్లు పట్టుకుని మోసిందెవరు?”