తారు కింద ఆకలి

గురువారం సంత ముగిసిందంటే మా ఊరి నడిబజారంతా తడిసిన గడ్డి, పశువుల పేడ వాసన. డబ్లిన్ నుంచి వచ్చే పర్యాటకులు గడియార స్తంభం ముందు ఫోటోలు దిగి, కోట చూసి, చివరికి నా దగ్గరికి వస్తారు. ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళి కరువొచ్చినప్పటి పేదల ఆశ్రమం ఇప్పుడు మ్యూజియం, అందులో నేను గైడును. ఆశ్రమం అన్నది మర్యాదకే. గడప దగ్గరే భర్తను ఒక తలుపులోకి, భార్యను ఇంకో తలుపులోకి, పిల్లల్ని మూడో తలుపులోకి తోసేవారు. మళ్ళీ కలిసేది వెనక పొలంలోని గోతిలోనే. పిల్లల తలుపును ఎప్పుడో రాళ్ళతో మూసేశారు. అదే కాలంలో ధాన్యం బళ్ళు సైనికుల కాపలాతో ఈ బజారు మీదుగానే రేవుకు వెళ్ళాయి. కరువు దేవుడు చేసింది కాదు, పాలకులు చేసింది.

ఆ పొలంలో బస్సులు నిలపడానికి తారు పోయిస్తానన్నాడు మా మేనేజరు ఫింటన్.

"మా ముత్తవ్వ చెల్లెళ్ళు ఉన్నారక్కడ," అన్నాను.

"ఈ ఊళ్ళో అందరి చెల్లెళ్ళూ అక్కడే ఉన్నారు బ్రోనా. వాళ్ళు ఊరుకున్నారు. నీకే నొప్పి."

"చచ్చినవాళ్ళకీ హక్కులుంటాయి!"

"ఉపన్యాసం బాగుంది. దీనికీ టిక్కెట్టు పెడదామా?"

ఆ నవంబరు సాయంత్రం 'చరిత్రను పూడ్చలేరు' అని చెక్క పలక మీద రాసి, పాతుదామని పొలానికి బయల్దేరాను. ఆ పొలం దాటేవాళ్ళు జేబులో రొట్టె ముక్క పెట్టుకోవడం మా వాళ్ళ ఆనవాయితీ. ఆకలితో పోయినవాళ్ళ మీద మొలిచిన గడ్డి తొక్కితే ఆ ఆకలి మనల్ని పట్టుకుంటుందట. మా అమ్మ నా కోటులో వేసిన ముక్కను కాకులకు విసిరేశాను. మూఢనమ్మకం కూడా ఒక సంకెలే కదా!

పొగమంచు కమ్ముకుంది. ముందు కాకుల అరుపు ఆగిపోయింది. తర్వాత బజారు చప్పుడు. ఎక్కడినుంచో కుళ్ళిన బంగాళాదుంపల వాసన... తియ్యగా, చిక్కగా.

గడ్డి మీద కూలబడ్డాను. కడుపులో ఎవరో చెయ్యి పెట్టి పిండుతున్నట్టుంది. మధ్యాహ్నం తిన్నాను... కడుపు నిండా తిన్నాను... నోట్లో ఏదో నలుగుతోంది. గడ్డి. నా చేతులే పెరికి నా నోట్లో కుక్కుతున్నాయి. ఆపలేకపోయాను.

చెవి పక్కనే చిన్నపిల్ల గొంతు.

"అక్కా... ఏమన్నా ఉందా?"

ఎవరో నా దవడ పట్టుకుని నోట్లో రొట్టె పెట్టారు. ఫింటన్. తన కోటు జేబులోంచి తీసిన ముక్క అది.

"మీరు కూడా... పెట్టుకుంటారా?"

"మా నాన్న పెట్టుకునేవాడు. నోరు మూసుకుని తిను."

"తెలిసి తెలిసీ తారు పోయిస్తారా?"

"తారు పోస్తే గడ్డే ఉండదుగా!"

పోయించాడు. నా పలకను మాత్రం పారేయలేదు. అద్దాల పెట్టెలో పెట్టి, కింద 'స్థానిక నిరసన సంప్రదాయం' అని చీటీ అంటించాడు.

కొత్త స్థలంలో మొదటి బస్సు ఆగింది. స్వాగతం చెప్పడానికి ఫింటన్, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాం. దిగినవాళ్ళెవరూ మాట్లాడలేదు. ఫోటోలు తీయలేదు. తలలు వంచుకుని తారు దాటి వచ్చారు. మగవాళ్ళు ఎడమ తలుపు ముందు, ఆడవాళ్ళు కుడి తలుపు ముందు వరుస కట్టారు. నేనింకా నోరు విప్పనేలేదు.

"నువ్వేమైనా చెప్పావా వీళ్ళకి?" ఫింటన్ గుసగుసగా అడిగాడు. అతని చెయ్యి జేబులో వెతుక్కుంటోంది.

"లేదు..."

ఆడవాళ్ళ వరుసలో ఒక తల్లి తన చేతిని పట్టుకున్న కూతురి వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. పిల్ల ఏడవలేదు. నేరుగా వెళ్ళి రాళ్ళతో మూసేసిన పిల్లల తలుపుకు ఎదురుగా నిలబడింది.

"పాపా, అటు కాదు! ఇటు రా!" నేను పరుగెత్తాను.

ఆ రాళ్ళ అవతల ఎవరో గడియ తీశారు.