నాన్నమ్మ చెవిలో మోత

తలుపు తీయగానే ఎదురుగా నిలబడ్డ అమ్మాయి ఒక చెవిలో వినికిడి మిషన్ పెట్టుకుని, రెండో చెవిని వేలితో మూసుకుని ఉంది.

"మీరేనా?" అంది.

"ఎవరు?"

"మా నాన్నమ్మ చెవిలో దూరింది."

తలుపు తీసిన లిఫ్ట్ మెకానిక్ ఆమెని ఎగాదిగా చూశాడు. ఈ ఫ్లాట్‌లోకి వచ్చి రెండు నెలలైంది. లిఫ్టులు బాగు చేయడం, ఇంటికి రావడం, తన పనేదో తను చూసుకోవడం తప్ప ఎవరి జోలికీ వెళ్లలేదు. అలాంటిది ఏకంగా చెవిలోకే దూరాడట!

"మీరేదో పొరపాటు పడ్డట్టున్నారు" అన్నాడు.

"మిషన్ పొరపాటు పడదు. కాస్త జరగండి."

అతను జరిగేలోపే ఆమె లోపలికి వచ్చేసింది. తల ఒక పక్కకి వంచి, అడుగులో అడుగేసుకుంటూ గోడ వెంబడే నడిచి, చివరికి అతని టేబుల్ ముందు ఆగింది.

"ఇదిగో! ఇక్కడే! అబ్బ, చెవి చిల్లులు పడేలా ఉంది!"

ఆ అమ్మాయి పక్క ఫ్లాట్‌లోనే ఉంటుంది. వినికిడి మిషన్లు రిపేర్ చేయడం ఆమె ఉద్యోగం. వాళ్ల నాన్నమ్మ రోజూ సాయంత్రం ఆరింటికి గోడ పక్క కుర్చీలో కూర్చుని చెల్లెలికి ఫోన్ చేస్తుంది. ఫోన్ మాట బాగా వినపడాలని చెవి మిషన్లో చిన్న తీగచుట్ట ఒకటి ఉంటుంది. ఆ స్విచ్ వేసుకోగానే, మూడు వారాలుగా, తుమ్మెదల గుంపు మీదికొచ్చినట్టు ఒకటే మోత.

ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "వయసు మీద పడితే అంతేనమ్మా" అన్నాడు కొడుకు. రెండుసార్లు అదే మాట విన్నాక నాన్నమ్మ ఫోన్ చేయడమే మానేసింది. కొడుకు చాటుగా తలకి సంబంధించిన డాక్టర్ ఎవరైనా ఉన్నారేమోనని వాకబు మొదలుపెట్టాడు. అది మనవరాలి చెవిన పడింది. ఆ రోజే ఆఫీసు నుంచి ఒక మిషన్ తెచ్చి తన చెవిలో పెట్టుకుని, గోడ వెంట మోతని తరుముకుంటూ వచ్చింది.

"ఏమిటిది?" అంటూ టేబుల్ మీదికి చేయి చాపింది.

"ఆగండి! ముట్టుకోకండి! నూట డెబ్బై వోల్టులు!"

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అప్పుడు సరిగ్గా చూసింది. ఆరు గాజు బుడ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో బుడ్డిలో సన్నటి తీగతో చేసిన పది అంకెలు, ఒకదాని వెనక ఒకటి. వాటిలో ఒక్కటే నారింజరంగులో మెరుస్తోంది. చివరి బుడ్డిలో సెకనుకోసారి అంకె మారుతూ, వెలుగు ముందుకీ వెనక్కీ జరుగుతోంది.

"గడియారమా?" ఆమె గొంతు మెత్తబడింది.

"నిక్సీ ట్యూబులంటారు. ఫ్యాక్టరీలో పాత కొలత మిషన్ పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. రెండేళ్లు పట్టింది కట్టడానికి. మూడు వారాల కిందటే పూర్తయింది."

"రెండేళ్లా? టైమ్ చూసుకోవడానికి?"

"టైమ్ చూసుకోవడానికి ఫోన్ ఉంది కదండీ. ఇది ఊరికే చూడ్డానికి."

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే తను గొడవకి వచ్చానన్న సంగతి గుర్తొచ్చి నవ్వు మింగేసింది. "అది సరే. మా నాన్నమ్మ సంగతేంటి?"

ఆమె చెప్పిందంతా విని, సంగతి అర్థమయ్యాక అతని ముఖం వాడిపోయింది. పన్నెండు వోల్టుల్ని నూట డెబ్బై చేయడానికి అతను చేత్తో చుట్టిన కాయిల్, సరిగ్గా గోడకి ఆనుకుని ఉంది. దాని అయస్కాంత శక్తి అందేంత దగ్గర్లో, అవతల నాన్నమ్మ కుర్చీ.

"నా వల్ల ఒక పెద్దావిడని మతి లేనిదాన్ని చేశారా? అయ్యో! ఈ క్షణమే ఆపేస్తాను."

"ఆపమనలేదు. బాగు చేయమంటున్నాను" అంది. "రేపు వస్తాను."

మర్నాడు వచ్చేసరికి అతను ఎడమ చేయి జేబులో పెట్టుకుని, కుడి చేత్తో మీటర్ పుల్లని తీగకి ఆనించి చూస్తున్నాడు.

"జేబులో చెయ్యేంటి, స్టైలా?"

"భయమండీ. రెండు చేతులూ పెడితే షాక్ గుండె మీదుగా పోతుంది. ఒక్క చెయ్యయితే గుండెకి ప్రమాదం తక్కువ."

"ఇంతవరకూ గుండెకి ఏమీ కాలేదుగా?"

"నిన్న సాయంత్రందాకా కాలేదు, డాక్టరమ్మా."

అనేశాక చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆమె కిటికీలోంచి వర్షం వంక చాలా శ్రద్ధగా చూసింది. "నేను డాక్టర్ని కాను, టెక్నీషియన్ని" అని మాత్రం అంది.

ప్లగ్ పీకి, కాసేపు ఆగి, చిందరవందరగా వేలాడుతున్న తీగల్ని మోత తగ్గేలా జంటలుగా చేసి జడలా అల్లాడు.

"జడ బాగానే వేస్తున్నారే!"

"ఇద్దరు అక్కలండీ. చిన్నప్పుడు వాళ్ల జడలన్నీ నా నెత్తినే పడేవి."

మూడో రోజు కాయిల్ మార్చి, ఇనప డబ్బాలో బిగించి, టేబుల్‌ని అవతలి గోడకి జరిపాడు. ఆమె తమ ఇంటికి వెళ్లి, నాన్నమ్మ కుర్చీలో కూర్చుని విని వచ్చింది.

"పోయింది."

"పూర్తిగానా?"

"పూర్తిగా."

"మంచిది."

"మంచిదే."

ఇద్దరి ముఖాల్లోనూ ఆ మంచి ఏమీ కనపడలేదు. ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టుకోవడానికి అవసరానికి మించి టైమ్ తీసుకుంది.

నాలుగో రోజు సాయంత్రం నాన్నమ్మ ఫోన్ పెట్టేసి, "ఉందే మోత" అంది.

మనవరాలు విని చూసింది. ఏమీ లేదు. నాన్నమ్మకి వేరే మిషన్ పెట్టి చూసింది. "ఉందే" అంది నాన్నమ్మ. "ఆ లిఫ్టబ్బాయిని ఇంకోసారి చూడమను."

అలా మళ్లీ వెళ్లింది. ఆ మర్నాడూ, ఆ తర్వాతా. అతను పాపం తప్పంతా తనదేననుకుని, పవర్ సప్లై మొత్తం పీకి రెండుసార్లు కొత్తగా కట్టాడు. ఆమె స్క్రూలు అందించింది, సాల్డరింగ్ చేసింది, వేలు కాల్చుకుంది. అతను ఆయింట్‌మెంట్ రాస్తూ ఊదుతుంటే, మంట తగ్గినా తగ్గలేదని చెప్పింది. తన చెవికి మోత వినపడటం లేదని మాత్రం చెప్పలేదు. చెబితే ఈ తలుపు తట్టే పని ఉండదని కొంత. నాన్న మాటే నిజమవుతుందేమోనన్న బెంగ కొంత.

పదో రోజు వచ్చేసరికి టేబుల్ ఖాళీ. ఆరు ట్యూబులూ దూదిలో చుట్టి అట్టపెట్టెలో సర్దేశాడు.

"ఏమైంది?"

"నిన్న రాత్రే విప్పేశాను. నాకు చేతనైందంతా చేశాను. మామ్మగారి చెవి కన్నా నా సరదా ఎక్కువా? ఇవాళ ఆవిడ హాయిగా మాట్లాడుకుని ఉంటారు, అవునా?"

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అయిదు నిమిషాల క్రితమే నాన్నమ్మ ఫోన్ పెట్టేసి, "మోత అలాగే ఉందే తల్లీ" అంది.

కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "గడియారమే లేకపోతే... ఆవిడకి మోత ఎక్కడిది? నాకు వారం నుంచీ ఏమీ వినపడటం లేదు. మీకు చెప్పలేదు. మీ చేత అనవసరంగా అన్నీ పీకించాను. నాన్న ఎల్లుండికి డాక్టర్ దగ్గర టైమ్ తీసుకున్నారు. నాన్న చెప్పిందే నిజమా?"

అతను ఒక్క క్షణం ఆలోచించి, అట్టపెట్టె చంకన పెట్టుకున్నాడు. "పదండి. ఇంతవరకూ ఆవిణ్ని ఎవరూ సరిగ్గా అడగలేదు."

నాన్నమ్మ కుర్చీలోనే ఉంది. కొడుకూ కోడలూ అక్కడే ఉన్నారు. అతను ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని పెట్టె తెరిచాడు.

"మామ్మగారూ, గడియారం నిన్ననే విప్పేశాను. ఇవిగో ముక్కలు. ఇవాళ విన్న మోత ఎలా ఉందో చెప్పండి. దాన్ని కూడా వెతికి పట్టుకుందాం."

నాన్నమ్మ పెట్టెలోకి చూసింది. ఒక్కసారిగా డీలా పడిపోయింది.

"అయ్యో, విప్పేశావా నాయనా! రెండేళ్లు కట్టావటగా!" అని తల కొట్టుకుంది. "మోతా లేదు, పాడూ లేదు. మూడో రోజే పోయింది."

"అమ్మా! మరి అబద్ధమెందుకు చెప్పావు?" అన్నాడు కొడుకు.

"ఏం చెయ్యనురా? మోత పోయిందని తెలిసిన రోజున ఇది అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టింది. సరే, నాలుగు రోజులు మోత ఉంటే ఏం పోయిందిలే అనుకున్నాను." మనవరాలు చున్నీతో ముఖం కప్పేసుకుంది. నాన్నమ్మ కొడుకు వైపు తిరిగింది. "అయినా నేను నిజం చెప్పినప్పుడు ఒక్కరూ నమ్మలేదు. అబద్ధం చెప్పగానే అందరూ నమ్మారు. డాక్టరుకి చూపించాల్సింది ఎవర్నిరా?"

కొడుకు వచ్చి తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు. "తప్పయిందమ్మా. మొదటి రోజే నీ మాట వినాల్సింది" అన్నాడు. ఆవిడ అతని తల మీద చిన్నగా మొట్టి, తర్వాత అదే చేత్తో నిమిరింది.

లిఫ్ట్ మెకానిక్‌కి మాత్రం మెతుకుల దగ్గరే బుర్ర ఆగిపోయింది.

ఆదివారం పొద్దున్న ఇద్దరూ అతని ఫ్లాట్‌లో కూర్చుని గడియారాన్ని మళ్లీ కట్టారు. ఈసారి ట్యూబుల్ని బోర్డులో గుచ్చింది ఆమే. ఆఖరి స్క్రూ బిగించాక అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"నాకు చుట్టూ తిప్పి మాట్లాడటం రాదు. మీరు రాని పూట నాకు పని సాగదు. మీరు వచ్చిన పూట అసలే సాగదు. మీరంటే ఇష్టం. పెళ్లి చేసుకుందామని ఉంది."

ఆమె ప్లగ్ పెట్టి స్విచ్ వేసింది. ఆరు అంకెలూ నారింజరంగులో ఒక్కసారే వెలిగాయి. ఆ వెలుతురు ఆమె బుగ్గ మీద పడిందో, బుగ్గదే ఆ రంగో అతనికి అంతుపట్టలేదు.

"మీ ఇంట్లో చెప్పారా?"

"లేదు. ముందు మీకే చెప్తున్నాను."

"అయితే నేను కూడా ముందు మీకే చెప్తున్నాను" అంది. "సరే."

"మరి మాకెప్పుడు చెప్తారు?"

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. కాఫీ కప్పుల ట్రే పట్టుకుని గుమ్మంలో నాన్న! ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, కాఫీ మీద మీగడ కట్టింది.

"ఇప్పుడే, నాన్నా" అంది ఆమె, తలెత్తకుండా.

ఆయన ట్రే టేబుల్ మీద పెట్టి, గడియారం వంక, అతని వంక, కూతురి వంక చూశాడు. తర్వాత బయటికి తల పెట్టి, వీధంతా వినపడేలా కేక వేశాడు.

"ఏమేవ్! అమ్మని తీసుకుని ఇటు రా! మన అల్లుడు టైమ్ చూపిస్తాడట!"