మీ తరఫు మనిషి

"ఈ గోడకి రంగు ఎప్పుడు వేశారు?"

గుమ్మంలో గొడుగు ముడుస్తున్న ఏజెంటమ్మాయి తలెత్తి చూసింది. పలకరింపు లేదు, పరిచయం లేదు. తడిసిన చొక్కాతో ఒకతను పడగ్గది గోడని అరచేత్తో నొక్కి చూస్తున్నాడు, డాక్టరు రోగి పొట్ట నొక్కినట్టు.

"పోయిన వారం," అంది.

"ఇల్లంతా వెలిసిపోయి, ఈ ఒక్క గోడే పెళ్లికూతురిలా మెరిసిపోతోందంటే..."

"లోపల చెమ్మ ఉందని. పై అంతస్తు బాత్రూం పైపు కారుతోంది. ఆ మాట చెబుదామనే వానలో పరిగెత్తుకొచ్చాను. మీరు నన్ను నోరు తెరవనిస్తే కదా!"

అతను గోడ మీంచి చెయ్యి తీసేశాడు. "అమ్మాల్సిన ఇంటిని మీరే తిడుతున్నారేంటి?"

"అమ్మేవాళ్లకి వేరే ఏజెంటున్నాడు. పొగడ్డం ఆయన పని. నేను మీ తరఫు మనిషిని. నాకు తెలిసిన లోపం మీ దగ్గర దాచకూడదు. మీరు నాతో చెప్పింది అవతలివాళ్ల చెవిన వెయ్యకూడదు. మీకేది మంచిదో అదే చూడాలి, నాకేది లాభమో కాదు."

"ఇదంతా ఎక్కడైనా రాసుందా, ఇప్పుడే కల్పించారా?"

"మొన్న మా ఆఫీసులో మీరు సంతకం పెట్టిన కాగితంలోనే రాసుంది. చదవకుండానే పెట్టేశారా?"

మెట్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్న అతని తల్లి పకపకా నవ్వింది. "ఒరేయ్, ఇన్నాళ్లకి నీ నోటికి తగిన నోరు దొరికింది. పద పద, ఇంకో ఇల్లు చూద్దాం."

అతను ఓడలో ఇంజనీరు. ఏడాదిలో సగానికి పైగా నీళ్ల మీదే. తండ్రి లేడు. తల్లి టీచరుగా రిటైరై ఒక్కతే అద్దె ఇంట్లో ఉంటోంది. ఇప్పుడు ఆ ఇంటిని యజమాని అమ్ముకుంటున్నాడు. ఈసారి అమ్మని సొంత గూట్లో కూర్చోబెడితే గాని ఓడెక్కనని ఇంజనీరు శపథం చేశాడు.

శపథమైతే చేశాడు గాని, ఏ ఇల్లూ అతనికి నచ్చదే!

ఒక ఇంట్లో కాలింగ్ బెల్ మేకపిల్ల అరిచినట్టుందన్నాడు. ఇంకో ఇంట్లో వంటగది కిటికీ మరీ పెద్దదన్నాడు. అంతా బాగున్న మూడో ఇంట్లో చాలాసేపు తిరిగి తిరిగి, చివరికి ఎదురింటి కుక్క తనని అదోలా చూసిందన్నాడు.

"ఏ వంకా లేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట," అంది తల్లి కార్లో కూర్చుంటూ. "కుక్క చూడకపోతే ఏం చేస్తుందిరా, పేపరు చదువుతుందా?"

ఏజెంటమ్మాయి నవ్వు ఆపుకోలేక స్టీరింగ్ మీద తల వాల్చేసింది. మళ్లీ తలెత్తేసరికి అద్దంలో అతని కళ్లు. అతనూ నవ్వుతున్నాడు. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ట్రాఫిక్ గురించి తప్ప ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

అప్పట్నుంచీ ఆమె ఇళ్లు చూపించే రోజున పొద్దున్నే లేచేది. చున్నీ రెండుసార్లు మార్చుకునేది. ఆఫీసు నడిపే పిన్ని ఇదంతా కళ్లద్దాల పైనుంచి గమనిస్తూనే ఉంది.

"ఆ ఓడబ్బాయికేనా ఈ ముస్తాబు?"

"కస్టమర్ దగ్గరికి నీటుగా వెళ్లమని నువ్వేగా చెప్పావు పిన్నీ!"

"నీటుగా వెళ్లమన్నాను, నోరు తెరుచుకుని చూడమన్లేదు." పిన్ని ఫైలు మూసి, గొంతు తగ్గించింది. "మనసు పడితే ఆ కేసు నాకిచ్చెయ్. లేదా ఆ మనసుని బీరువాలో పెట్టి తాళం వెయ్. రెండూ ఒకే చేత్తో పట్టుకుని తిరిగితే ఏదో ఒకటి జారిపోతుంది."

"ఏమీ లేదు పిన్నీ."

"ఉందని నేనన్నానా?"

ఒక సాయంత్రం ఇల్లు చూసి వస్తుంటే జోరువాన పట్టుకుంది. వెనక సీట్లో తల్లి నిద్రపోయింది. కార్లన్నీ చీమల్లా కదులుతున్నాయి. ముందు సీట్లో ఇంజనీరు అద్దం మీద జారే చుక్కల్ని చూస్తున్నాడు.

"మా ఇంజన్ రూంకి కిటికీలుండవు," అన్నాడు ఉన్నట్టుండి. "పైన ఎండో వానో తెలీదు. డ్యూటీ దిగి పైకొచ్చేసరికి డెక్ తడిసుంటుంది. అప్పుడు తెలుస్తుంది, వాన వచ్చి వెళ్లిపోయిందని."

ఆమె అద్దం కేసి చూసింది. చుక్కలు ఇంకాసేపు నిలిచేలా వైపర్ వేగం తగ్గించింది.

"మీకో మాట చెప్పాలి," అన్నాడు. "అమ్మకింకా చెప్పలేదు. నన్ను చీఫ్ ఇంజనీరుగా రమ్మంటున్నారు. ఎన్నేళ్ల నుంచో ఎదురుచూసింది ఇదే. ఇప్పటికే ఒకసారి సెలవు పొడిగించాను. ఈ ఓడ కూడా వదిలేస్తే ఆ పోస్టు ఇంకొకళ్లకి పోతుంది."

"మరి ఇంకా వంకలు పెడుతూ కూర్చున్నారేంటి?"

"అమ్మకి నచ్చాలి కదా!"

"ఆవిడకి అన్నీ నచ్చుతూనే ఉన్నాయి."

అతను ఆమె వైపు చూశాడు. పెదవుల దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. "గ్రీన్ సిగ్నల్ పడింది. పోనివ్వండి," అన్నాడు.

ఆ మాట వినని రోజుల్లో ఆమెకి హాయిగా ఉండేది. ఇప్పుడు లెక్క తేలిపోయింది. తను పని బాగా చేస్తే అతను వెళ్లిపోతాడు. సరిగ్గా చెయ్యకపోతే అతని కల చెడిపోతుంది.

ఆ వారంలోనే ఓ రిటైర్డ్ నర్సు ఫోన్ చేసింది. కూతురి దగ్గరికి వెళ్లిపోతోందట, ఇల్లు అమ్మాలట, ఇంకా ఎవరికీ చెప్పలేదట.

ఏజెంటమ్మాయి ముందు తనొక్కతే వెళ్లి చూసింది. లోపలికి పోవడానికి ఒక్క మెట్టయినా లేదు. బాత్రూంలో పట్టుకోవడానికి చేతి కమ్మీ ఉంది. వీధి చివర ఆస్పత్రి. వెనక గదిలో ఎండ నేల మీద చాప పరిచినట్టు పడుతోంది. లోపం లేదని సంబరపడాల్సింది పోయి, ఆమె ఎక్కడైనా ఒక్కటి దొరక్కపోతుందా అని వెతికింది. సింకు కింద దూరింది. స్విచ్చులన్నీ నొక్కింది. వాన గొట్టం ఒకచోట విరిగిందంతే. అది బాగు చేయించడం ఎంతసేపు?

కార్లో కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకుంది. రేపు చెబితే ఏం పోతుంది? ఎల్లుండి చెబితే? ఈ ఇంటి సంగతి తనకి తప్ప ఎవరికీ తెలీదు. ఈలోపు ఇంకెవరైనా కొనేసుకుంటే అది తన తప్పు కూడా కాదు.

కళ్లు తుడుచుకుని నంబరు నొక్కింది. "అమ్మగారిని తీసుకురండి. ఇల్లు దొరికింది."

తల్లి లోపలికి వచ్చి, వెనక గదిలో ఎండపొడ చూసి, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇక లేవలేదు. ఇంజనీరు మాత్రం గది గదీ తిరిగాడు. తలుపులు తెరిచాడు, మూశాడు. కాలింగ్ బెల్ కూడా నొక్కి చూశాడు. పాపం, బెల్ చక్కగా మోగింది.

పెరట్లో ఆమె ఒక్కతే ఉండగా వచ్చాడు. "మీరేమంటారు?"

"కొనండి. ఆ వాన గొట్టం వాళ్ల ఖర్చుతోనే వేయిస్తాను. ధర కూడా కొంత తగ్గిస్తారు, నేను మాట్లాడతాను."

"ఏజెంటుగా కాదు. మీరు ఏమంటారు?"

ఒక్క క్షణం అన్నీ చెప్పేయాలనిపించింది. కానీ ఆ ఒక్క మాట చాలు, అతను ఓడ వదిలేస్తాడు. అది అతని తరఫు మాట కాదు, తన తరఫు మాట.

"నేను మీకు ఏజెంటునే కదండీ," అంది. "ఇంతకంటే మంచి ఇల్లు నా దగ్గర లేదు. తొందరగా తేల్చేసుకుని ఓడెక్కండి."

అతని ముఖం వాడిపోయింది. "మా బెడద ఎప్పుడు వదులుతుందా అని చూస్తున్నట్టున్నారు."

ఆమె జవాబివ్వలేదు. అతను దాన్నే జవాబనుకున్నాడు.

ఆ తర్వాత ఆమె పనిలో వంక పెట్టడానికి లేదు. మేస్త్రీని పట్టుకొచ్చి పైకప్పు నుంచి పునాది దాకా చూపించింది. నర్సుకి వేరే ఏజెంటుని చూసి పెట్టి, ఆయనతో వాదించి ధర తగ్గించింది. పాత పన్నుల బాకీలేమైనా ఉన్నాయేమోనని ఆరా తీసింది. తాళాలు అతని చేతిలో పెట్టేటప్పుడు వేళ్లు తగిలాయి. ఇద్దరూ తాళాలకేసే చూస్తూ నిలబడ్డారు.

"ఇక మన పని అయిపోయినట్టేనా?" అన్నాడు.

"అయిపోయిందండీ."

మర్నాడే వెళ్లిపోయాడు.

అసలు పని అప్పుడే మొదలైంది ఆమెకి, మరిచిపోయే పని. అదే ఎంతకీ కాలేదు. ఖాళీ ఇళ్లు చూపించడానికి వెళ్తే ప్రతి గోడ దగ్గరా అతను నిలబడి ఉన్నట్టే ఉండేది. వాన పడితే కిటికీ దగ్గరికి వెళ్లి, ఇది అతనికి తెలీదు కదా అనుకునేది. కొత్త కస్టమర్లు ఏదైనా పిచ్చి వంక పెడితే నవ్వొచ్చేది, ఆ వెంటనే కారు అద్దంలోకి చూపు పోయేది.

ఆదివారాలు మాత్రం తల్లి దగ్గరికి వెళ్లేది. మొదట కుళాయి కారుతోందని ఆవిడే పిలిచింది. తర్వాత తలుపు బిగుసుకుందని. ఆ తర్వాత ఏ కారణమూ చెప్పడం మానేసి, "వస్తున్నావుగా?" అనేది.

ఓ ఆదివారం ఆవిడ బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఆ మూడో ఇల్లు గుర్తుందా అమ్మాయీ?"

"కుక్క చూసిన ఇల్లా?"

"అదే. నాకు నచ్చింది. వాడికీ నచ్చింది. నువ్వు మమ్మల్ని దింపేసి వెళ్లాక, 'ఇది కొనేస్తే ఇక ఆ అమ్మాయి రాదు కదమ్మా, ఇంకోటి చూద్దాం' అన్నాడు. ముప్పై దాటిన వెధవ, ఐస్‌క్రీం కోసం గొడవ చేసే పిల్లాడిలా."

ఆమె చేతిలోని తువ్వాలు జారిపోయింది.

"మరి... నాతో అనలేదేం?"

"నువ్వు అననిచ్చావా? తొందరగా ఓడెక్కమన్నావట. నీకు తనంటే ఇష్టం లేదని బాధపడుతూ వెళ్లాడు." ఆవిడ ఆమె ముఖంలోకి చూసింది. "నిజంగానే లేదా?"

ఏజెంటమ్మాయికి కన్నీళ్లొచ్చాయి. ఆవిడ ఇంకేం అడగలేదు. దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "నాకు ముందే తెలుసు. ఈ ఇల్లు చూపించిన రోజు నీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. మంచి ఇల్లు దొరికితే ఏజెంట్లు ఏడుస్తారా ఎక్కడైనా?"

అప్పుడే ఫోన్ మోగింది. అతనే. ఓడ ఏదో రేవు నుంచి బయల్దేరుతోందట, ఇక కొన్ని వారాలు ఫోన్ కుదరదట. తల్లి రెండు మాటలు మాట్లాడి, ఫోన్ ఆమె చేతిలో పెట్టి, "స్టవ్ మీద పాలున్నాయి," అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. స్టవ్ వెలిగించనే లేదు.

ఆమె వరండాలోకి నడిచింది.

"హలో," అంది. "నేనండీ. ఏజెంటుని."

అవతల ఏదో తలుపు మూసిన చప్పుడు. తర్వాత, "బాగున్నారా?"

"లేను. ఆ రోజు మిమ్మల్ని వెళ్లమన్నది ఏజెంటు. నేను కాదు. నేనైతే ఉండమనేదాన్ని."

గరగర శబ్దం. "ఏమన్నారు? వినబళ్లేదు."

ఆమె చెవులు వేడెక్కాయి. "వెళ్లమనాలని నా మనసులో లేదు అంటున్నాను!"

"ఇంజన్ మోత... కొంచెం గట్టిగా!"

"మీరంటే నాకు ఇష్టం అంటున్నానండీ!"

వీధిలో సైకిల్ తొక్కుతున్న పెద్దాయన బ్రేకేశాడు. పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఫోన్ మాత్రం కట్టయిపోయింది.

కాసేపటికి మెసేజ్ వచ్చింది. 'సిగ్నల్ పోతోంది. జవాబు నేను వచ్చాక ఎదురుగా చెబుతాను.'

"మంచి జవాబైతే ఆ మెసేజ్‌లోనే చెప్పొచ్చుగా?" అంది పిన్ని మర్నాడు. ఆమె బిక్కముఖం చూసి, "సరదాకన్నానే తల్లీ!" అని నాలుక్కరుచుకుంది. కానీ అనేసిన మాట అనేసినట్టే ఉంది. అది చెవిలో జోరీగలా వారాల తరబడి తిరిగింది. జాలిపడి మంచిగా చెప్పడానికే ఎదురుగా అన్నాడేమో? అసలు ఏ ముక్క వినబడిందో, ఏ ముక్క సముద్రంలో కలిసిపోయిందో?

అతను వచ్చే రోజున తల్లికి సరిగ్గా సమయానికి మోకాలు నొప్పి వచ్చింది. "నువ్వే వెళ్లి తీసుకురా అమ్మాయీ," అంది, చకచకా నడిచొచ్చి కారు తలుపు తెరుస్తూ.

ఎయిర్‌పోర్ట్‌లో ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు ఇంజనీరు. నల్లబడ్డాడు, చిక్కిపోయాడు. ఆమెని చూసి అక్కడే ఆగిపోయాడు. వెనక వస్తున్నవాళ్లు విసుక్కుంటూ పక్కనుంచి వెళ్లారు.

ఆమె నేల చూపులు చూస్తూ అంది. "ఆ రోజు లైన్ అసలు బాగాలేదు. మీకు ఎంతవరకు వినబడిందో..."

"మొదటిసారే అంతా వినబడింది."

ఆమె చివ్వున తలెత్తింది. "మరి మూడుసార్లు ఎందుకు అరిపించారు? వీధి వీధంతా విన్నది! ఇప్పటికీ ఆ సైకిల్ తాతగారు నన్ను చూసి నవ్వుతున్నారు!"

"అన్ని వారాలు నీళ్ల మీద ఉండాలి కదా," అన్నాడు. నవ్వుతున్నాడు గాని కళ్లు చెమ్మగిల్లాయి. "ఒక్కసారి విన్నది అంతదూరం ఎలా సరిపోతుంది?"

కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు.

అతను ట్రాలీ వదిలేసి దగ్గరికొచ్చాడు. ఆమెకి మాత్రమే వినబడేలా, ఇన్నాళ్లూ మోసుకొచ్చిన జవాబు చెప్పాడు.

ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. "ఏమన్నారు? వినబళ్లేదు."

అతను కొంచెం గట్టిగా చెప్పాడు. ముందు నడుస్తున్న కుటుంబం వెనక్కి తిరిగి చూసింది.

"ఇక్కడంతా గోల," అంది ఆమె, కళ్లలో నీళ్లూ పెదాల మీద నవ్వూ దాచుకోలేక. "ఇంకోసారి."