మెరకెక్కని నీరు

జలగ పైపులోకి దిగి ఇరవై నిమిషాలైంది. నూకరాజు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చీపురు పట్టుకుని గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూం గుమ్మంలో నిలబడ్డాడు. విశాఖలోని ఆ పాత వాణిజ్య భవనానికి కొత్త హంగులన్నీ అమర్చి, 2047 ఉగాదికి మళ్లీ తలుపులు తెరిచారు. మూడు నెలల్లో మురుగు ఎదురుతన్నడం ఇది తొమ్మిదోసారి. మార్బుల్ ఇటలీదే గానీ, దాని మీద పారే మురుగు మాత్రం అచ్చంగా మనదే.

"ఇంకోసారి పొంగిందా, నువ్వు ఇంటికే!" అని ఓనరు వరహాలశెట్టి నిన్ననే తేల్చేశాడు. ఇరవై రెండేళ్లుగా ఆ భవనాన్ని కనిపెట్టుకుని ఉన్న నూకరాజుకు ఆ మాట ముల్లులా దిగింది. యాభై ఆరేళ్ల వయసులో కొత్తగా పనెవరిస్తారు?

"ఏటమ్మా, ఇంకా రాలేదు?" అన్నాడు నీరసంగా.

"వస్తుంది," అంది డాక్టర్ పరంజ్యోతి. జలగలా పాకే మూరెడు పొడవున్న ఆ రబ్బరు యంత్రాన్ని తయారుచేసింది ఆవిడే. "తాపీమేస్త్రి రసమట్టం పెట్టి చూస్తాడు కదా, అలాంటిదే దీని కడుపులోనూ ఉంది. జానెడు జానెడుకీ పైపు వాలు కొలుస్తుంది. రోగమేమిటో తెలిశాక పైకొచ్చి నోటితో చెబుతుంది. అబద్ధమాడటం మాత్రం నేను నేర్పలేదు."

వరహాలశెట్టి ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని వచ్చేసరికి జలగ పైకి పాకింది.

"అడ్డు ఏమీ లేదు. చివరి నలభై అడుగుల్లో పైపు తొమ్మిది అంగుళాలు పైకెక్కుతోంది. నీరు ఎక్కదు," అంది.

నూకరాజు ప్రాణం లేచొచ్చింది. కొత్త పైపులు వేసేనాడే అతను మొత్తుకున్న మాట అది! మురుగంతా చేరే పాత ఛాంబరు ఈశాన్యం మూల పల్లంలో ఉండేది. ఈశాన్యంలో మురుగేమిటని వాస్తు చూసే సిద్ధాంతిగారు అంటే, దాన్ని వాయవ్యం మూలకు, మెరక మీదికి మార్చారు. "మెరకకి నీరెక్కదు బాబూ" అంటే, "నువ్వేమైనా ఇంజనీరువా?" అని నోరు మూయించారు. మనిషి మాట వినకపోయినా మెషిన్ మాట వింటారులే అనుకున్నాడు పాపం.

"ఛాంబరు మళ్లీ ఈశాన్యానికా? నా బొందిలో ప్రాణముండగా జరగదు," అన్నాడు వరహాలశెట్టి. కాసేపు జలగను ఎగాదిగా చూశాడు. "ఇది మురుగును ముందుకు నెట్టగలదా?"

"నెట్టగలదు. కానీ నేను చేసింది రోగం కనిపెట్టడానికి సార్, మూటలు మొయ్యడానికి కాదు. పైగా రెండు గంటలకోసారి బయటికి తీసి చేత్తో కడగాలి."

"కడగడానికి నూకరాజు లేడూ? వాడి ఉద్యోగానికి ఇక ఢోకా లేదు. ఒక్కటే, దాని నోరు తీసెయ్యండి. అద్దెకున్నవాళ్ల చెవిన పడితే బాగోదు."

జలగను పట్టుకుని పరంజ్యోతి ఇప్పటికి నలభై భవనాల మెట్లెక్కి దిగింది. కొంటానన్నవాడు ఇతనొక్కడే. ఆవిడ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసింది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఇక్కడ నిజం అందరికీ తెలుసు. దేవుణ్ణి ఇబ్బంది పెట్టాల్సిన పనే లేదు.

రెండు గంటలయ్యాక నూకరాజు నడుం పట్టుకుని వంగి జలగను బయటికి తీశాడు. స్పీకరున్న చోట చిన్న మైనపు బిళ్ల అతికించి ఉంది.

"నిన్నూ ఇంజనీరువా అన్నారేటే?" అని అడిగాడు.

అతను దాన్ని బకెట్లో ముంచి శుభ్రంగా కడిగి, మళ్లీ పైపులోకి వదిలాడు.