పాకబడికి నిప్పు

గురువారం మునిమాపువేళ అరకు కొండవాలులోని పాకబడి తగలబడింది. తెల్లవారేసరికి మిగిలినవి బూడిద, నల్లబోర్డు చట్రం, ఒక చుట్టపీక.

పీకను ఠాణాకు తెచ్చినవాడు వీధిబడి హెడ్మాస్టరు సర్వేశ్వరరావు. ఆ పీక, ఆయన సాక్ష్యం ఆధారంగానే పాకబడిలో ఉప్మా వండే చిట్టెమ్మను లాకప్పులో పెట్టారు.

శుక్రవారం సబ్ ఇన్‌స్పెక్టరు పైడిరాజు రెండు బళ్లూ చూశాడు. వానకు కారేది పాకబడి కప్పు. సర్కారు మార్పించింది మరొక బడి కప్పు. వీధిబడికి కొత్త పెంకులు, సిమెంటు నేల, టేకు బల్లలు. పిల్లలు మాత్రం లేరు. సత్యకుమారి టీచరు పాకబడిలోనేమో చోటు చాలక పిల్లలు చూరు కింద నిలబడి చదివేవారు. పిల్లలు లేని బడిని మూసివేస్తామని ఆ నెలలోనే ఉత్తరువు వచ్చింది.

తగలబడింది పిల్లలున్న బడి.

పదకొండు గంటలకు పైడిరాజు హెడ్మాస్టరునూ, చిట్టెమ్మనూ, సత్యకుమారినీ వీధిబడిలో కూర్చోబెట్టాడు.

"మాస్టారూ, మీరు చూసింది మరొకసారి చెప్పండి."

"చీకటి పడుతోంది. చిట్టెమ్మ చూరు పక్కన నిలబడి ఉంది. మూతి ముందు చుట్ట నిప్పు కణకణలాడుతోంది. పీకను గడ్డిలోకి విసిరింది. అంతే, మంట."

"మనిషిని ఎలా గుర్తుపట్టారు?"

"నిప్పు వెలుగులో ముఖం స్పష్టంగా కనిపించింది."

"ఏటమ్మా, నిజమేనా?"

"నాను అప్పటికే ఇంటికెలిపోనాను బాబూ," అంది చిట్టెమ్మ. "పిల్లలకి వండిపెట్టిన సేత్తో బడికి నిప్పెడతానా?"

"పిల్లలు వచ్చేదే ఆ ఉప్మా కోసం," అన్నాడు సర్వేశ్వరరావు. "చదువు కోసమనుకున్నారా?"

"ఉప్మా మీ బడిలోనూ వండుతారు కదండీ," అంది సత్యకుమారి.

పైడిరాజు జేబులోనుంచి ఒక చుట్ట తీసి చిట్టెమ్మకు ఇచ్చాడు.

"ముట్టించు."

"పెద్దోల్ల ముందరా? సిగ్గు బాబూ!"

"పరవాలేదు. బేగి."

చిట్టెమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. చుట్ట ముట్టించింది. మండుతున్న కొసను నోట్లో పెట్టుకుని పెదవులు బిగించింది.

సర్వేశ్వరరావు ఉలిక్కిపడి లేచాడు. "ఏమిటది! నిప్పు నోట్లోనా?"

"అడ్డచుట్ట, మాస్టారూ. ఈ వైపు ఆడవాళ్లు ఇలాగే కాలుస్తారు. మా నాయనమ్మా అంతే. మీరు ఏలూరు నుంచి బదిలీ మీద వచ్చారు. ఈమె చుట్ట కాలుస్తుందని విన్నారంతే, మీ ఎదుట ఎన్నడూ కాల్చలేదు. అందుకే మీకు తెలియదు."

పైడిరాజు పీకను బల్లమీద పెట్టాడు. "ఒక కొస కాలింది. కాలని కొసన పంటిగాట్లు. అడ్డచుట్టకు ఆ కొస బయటే ఉంటుంది, పళ్లు తగలవు. ఇది తిన్నగా కాల్చిన చుట్ట. పైగా, నోట్లో దాగిన నిప్పు వెలుగులో ఈమె ముఖం మీకెలా కనిపించింది?"

సర్వేశ్వరరావు గుమ్మం వైపు చూశాడు.

"పిల్లలు రోజూ నా గుమ్మం ముందు నుంచే వెళ్లేవారు," అన్నాడు. "ఆగి దణ్ణం పెట్టేవారు. మళ్లీ పరుగు. ఈ టీచరు దగ్గరికి! ఆ గడ్డిపాకలోకి! ఏముందక్కడ?"

పైడిరాజు పీకను జేబులో వేసుకుని లేచాడు.

వాంగ్మూలం రాసుకుని మధ్యాహ్నం ఆయనను జీపు ఎక్కించేసరికి సత్యకుమారి కొండవాలు నుంచి పిల్లలను వెంటబెట్టుకుని వస్తోంది. వాళ్లు వీధిబడి మెట్ల దగ్గర సందేహించి ఆగారు.

"టీచరుగారూ," జీపులోనుంచి పిలిచాడు సర్వేశ్వరరావు. "కొత్త సున్నం. గోడలకు చేతులు ఆనించవద్దని చెప్పండి."

సత్యకుమారి తలుపులు రెండూ బార్లా తెరిచింది.