బీఫ్ మెత్తబడేదాకా

"ఓవెన్ వెలిగించానా, లేదా?"

పాస్టర్ గారి ప్రసంగం మొదలైన దగ్గర్నుంచి డారెల్ బుర్రలో ఇదే గోల. బీఫ్ ముక్కని అన్నివైపులా ఎర్రగా వేయించాడు. ఇనుప గిన్నెలో పెట్టి, చుట్టూ ఉల్లిపాయలు, క్యారెట్లు, బంగాళాదుంపలు సర్ది, మూతపెట్టి ఓవెన్‌లోకి తోశాడు. ఆ తర్వాత టై కట్టుకున్నదీ గుర్తుంది. మధ్యలో మీట తిప్పినట్టు మాత్రం గుర్తులేదు.

అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని వాళ్ళ ఊళ్ళో ఆదివారం మాంసం ఓవెన్‌లో పెట్టకుండా ఎవరూ చర్చికి బయల్దేరరు. తిరిగొచ్చేసరికి ఉడికి సిద్ధంగా ఉండాలి. ఇవాళ వంట డారెల్‌ది. భోజనానికి వచ్చేది అతను ప్రేమించిన బ్రిట్టా, వాళ్ళ నాన్న ఎల్డన్. కడుపునిండా పెట్టి, ఆ తర్వాత పెళ్ళి మాట ఎత్తాలని అతని పన్నాగం. ఎల్డన్ పశువులు పెంచే మనిషి. ఆ ముక్క కూడా ఆయన మందలోదే. దాన్ని పాడుచేసినవాడికి పిల్లనిచ్చేంత వెర్రివాడు కాదాయన.

"ఏమిటా దిక్కులు చూడ్డం?" పక్కనుంచి బ్రిట్టా గుసగుసలాడింది.

"ఓవెన్ వెలిగించానో లేదో గుర్తులేదు."

"అయితే ఇవాళ పచ్చి మాంసమన్నమాట. నాన్నకి ప్రాణం!" కీర్తనల పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది.

డారెల్‌కి నవ్వు రాలేదు. ఇక ఉండబట్టలేక లేచి, అందరి కాళ్ళూ తొక్కుకుంటూ బయటపడ్డాడు. చర్చి మొత్తం తిరిగి చూసింది.

ఇంటికొచ్చి చూస్తే ఓవెన్ వెలుగుతూనే ఉంది. హమ్మయ్య అనుకుని మూత తీసి ఫోర్కుతో పొడిచాడు. దిగలేదు. చెప్పు అట్టలా ఉంది. వేడెక్కువై ఎండిపోయింది కాబోలు! పల్చగా కోసి, పైన గ్రేవీ పోసి కప్పెట్టేద్దామని కత్తి అందుకున్నాడు పాపం.

బయట కారు ఆగింది. బ్రిట్టా పరుగున లోపలికొచ్చింది.

"ఆగు! ఏంటా కత్తి?"

"ఎండిపోయింది, బ్రిట్టా."

"ఎండడం కాదు మహానుభావా, ఇంకా ఉడకలేదు! భుజం ముక్క తొందరపెడితే లొంగదు. ఇంకో గంట పడుతుంది."

"గంటా? మీ నాన్న పన్నెండు దాటితే తినరుగా!"

"బయట మెట్ల మీద కూర్చున్నారు. వెళ్ళి చెప్పుకో."

డారెల్ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు. "సార్, వంట అవలేదు. ఇంకో గంట పడుతుంది. ఇప్పుడే కోసి పెట్టగలను కానీ, నమల్లేరు."

ఎల్డన్ అతన్ని ఎగాదిగా చూశాడు. "చర్చిలోంచి దీనికోసమేనా పరిగెత్తింది?"

"అవును సార్."

"మా పిల్లని వద్దనుకుని పారిపోయావనుకున్నానయ్యా." ఆయన టోపీ తీసి పక్కన పెట్టాడు. "సరే, కూర్చుంటాను. పోయి మూతపెట్టు."

లోపల బ్రిట్టా కళ్ళు తుడుచుకుంటోంది. డారెల్ కంగారుపడ్డాడు. "ఏమైంది?"

"నాన్న అన్నది విన్నాను. నేనూ అదే అనుకున్నాను. నిన్నట్నుంచి నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. ఓవెన్ వంక పెట్టుకుని వెళ్ళిపోతున్నావేమోనని ప్రాణం పోయింది, డారెల్. నువ్వు లేకపోతే నావల్ల కాదు."

"పిచ్చి పిల్లా! నిన్ను అడగాలనే కదా ఈ తిప్పలన్నీ!"

"ఏమని?"

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా? భోజనం పెట్టాక అడుగుదామనుకున్నాను. ఇదేమో ఉడికేలా లేదు."

బ్రిట్టా కళ్ళనిండా నీళ్ళతోనే నవ్వింది. "గంట టైముందిగా. ఆలోచించుకుని చెప్తాను."

దోమలవల తలుపు అవతల్నుంచి ఎల్డన్ కేక వినబడింది.

"ఒప్పుకోవే తల్లీ! కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఈ ఇంట్లో ఒక్క పనైనా తొందరగా కానివ్వండి!"