నల్లగదిలో ఎక్కువైన వెలుగు

“ఇరవై రెండేళ్లుగా వెలుగు కొలుస్తున్నానండీ! ఇప్పుడు కొలవకుండానే నోటికొచ్చిన అంకె రాస్తున్నానట. సాయంత్రంలోగా నిజం తేలకపోతే ఉద్యోగం ఊడినట్టే,” అంది బల్బుల ఫ్యాక్టరీలో పరీక్షలు చేసే మీటరక్క.

డిటెక్టివ్ ఆవులించాడు. ఆవులించాడంటే కేసు నచ్చిందన్నమాట. ఆ సంగతి అసిస్టెంటు ఒక్కడికే తెలుసు. గురువుగారి తెలివంటే అతనికి వల్లమాలిన నమ్మకం. కొత్త తెల్లచొక్కా సర్దుకుంటూ వెంట నడిచాడు.

పరీక్షగదిలో గోడలు, కప్పు, బల్ల అన్నీ కాటుక నలుపే. పొడవాటి బల్లకు ఒక చివర బల్బు, రెండో చివర మీటరు, దాని పక్కనే మీటరక్క స్టూలు. మేకుకు ఒక పాత నల్లకోటు దుమ్ముపట్టి వేలాడుతోంది.

“ఇక్కడ పాసైన బల్బులు మసగ్గా ఉన్నాయని కొన్నవాళ్లు తిరగ్గొట్టారు. మీటరు చూపించాం, నిక్షేపంలా ఉంది. ఇక తప్పు మనిషిదే కదా!” అన్నాడు తెల్లకోటు మేనేజరు.

“ఎప్పట్నుంచి?”

“నేనొచ్చిన నెల నుంచే. నా ఖర్మ! వచ్చీరాగానే శుభ్రత, యూనిఫాం, అన్నీ దారిలో పెట్టానండీ.”

తిరిగొచ్చిన బల్బొకటి వెలిగించి, ముదురు గోధుమరంగు కోటులో ఉన్న డిటెక్టివ్ స్టూలు మీద కూర్చున్నాడు. మీటరు తొంభై ఆరు చూపింది. పాసవ్వాలంటే వంద కావాలి. అసిస్టెంటు ఆత్రం పట్టలేక ముందుకు వంగాడు.

“గురువుగారూ, నూటొకటి!”

“వెనక్కి జరుగు నాయనా.”

మళ్లీ తొంభై ఆరు. ఈ మీటరుకు నేనంటే గిట్టదు కాబోలని అసిస్టెంటు చిన్నబుచ్చుకున్నాడు. డిటెక్టివ్ మాత్రం మరోసారి ఆవులించి, “యజమానురాలితో సహా అందరినీ పిలవండి,” అన్నాడు.

అందరూ గోడకానుకుని నిలబడ్డారు.

“దొంగ ఈ గదిలోనే ఉన్నాడు. నిండా గంజి పెట్టుకుని మరీ వచ్చాడు,” అంటూ డిటెక్టివ్ మేనేజరు తెల్లకోటు వైపు చూపించాడు. “గోడలకు నలుపు ఎందుకేశారు? బల్బు వెలుగు దేనికీ తగిలి తిరిగి మీటరులో పడకూడదని. మీరేమో మీటరక్క నల్లకోటు మేకుకెక్కించి, తెల్లకోటు తొడిగించారు. కోటు మీద పడి తిరిగొచ్చిన వెలుగునూ మీటరు బల్బుదే అనుకుంది. ఆవిడ చూసిందే రాసింది. మా వాడి చొక్కా నా ఎదుటే అయిదు పెంచింది!”

అసిస్టెంటు సిగ్గుతో చొక్కా మీద చేతులు కట్టుకున్నాడు. యజమానురాలు బర్తరఫు కాగితం నిలువునా చింపేసింది.

మీటరక్క కళ్లు తుడుచుకుని, తెల్లకోటు విప్పేసి, దుమ్ము దులిపి నల్లకోటు తొడుక్కుంది. మొదటి బల్బు వెలిగించింది. క్షమాపణ చెబుదామని మేనేజరు దగ్గరికొచ్చాడు.

“ఏదైనా గుమ్మం అవతల నుంచి చెప్పండి సార్,” అంది ఆవిడ మీటరు మీంచి చూపు తిప్పకుండా. “అంకె మారుతోంది.”